ఉప్పులో పెట్టిన వేలు

కర్మన్‌ఘాట్ గుడి వీధి నుంచి లోపలికి తిరిగితే మూడంతస్తుల పాత అపార్టుమెంటు ఒకటి ఉంది. అందులో పై వాటా బాపిరాజు గారిది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఆయన కెమిస్ట్రీ చెబుతారు. పాఠం బాగానే చెబుతారని పిల్లలంటారు గానీ, చుట్టుపక్కల ఆయనకు పేరు తెచ్చింది పాఠం కాదు, ఆవకాయ.

ఆయన చెయ్యి మంచిదని అందరి నమ్మకం. ఆయన కలిపిన జాడీకి బూజు పట్టిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అందుకని ఏటా మే నెలలో అపార్టుమెంటు వాళ్లంతా కాయలూ కారాలూ నూనెలూ మోసుకుని మేడ మీదికి చేరేవారు. బాపిరాజు గారు స్నానం చేసి, తుండుగుడ్డ నడుముకు బిగించి, బేసిన్ల ముందు పీట వేసుకుని కూర్చునేవారు. చెయ్యి కలుపుతూ ఉండేది, నోరు చెబుతూ ఉండేది. ఈ రెండోదాన్ని ఆపే మార్గం ఎవరికీ తెలియదు.

"ఉప్పండీ, ఉప్పు! అసలు పని చేసేది అదే. ముక్కలో నీరంతా బయటికి లాగేస్తుంది. నీరు లేని చోట క్రిమి బతకదు. ఉప్పులో వేసింది ఏదైనా సరే, పాడయ్యే ప్రశ్నే లేదు!"

భీమవరం నుంచి వచ్చి కాపురం పెట్టిన నాటి నుంచీ ఈ మాట వింటున్న మనిషి హనుమాయమ్మ గారు, ఆయన భార్య. ఆవిడకు వేరే పాత్ర ఉంది. కలపడం అయ్యాక బేసిన్‌కు అంటుకున్న గుజ్జులో వేడి వేడి అన్నం, నెయ్యి వేసి బాపిరాజు గారు ముద్దలు చేస్తారు. మొదటి ముద్ద ఆవిడ చేతిలో పెడతారు. ఆవిడ తిని, ఆకాశం వంక చూసి, "ఉప్పు సరిపోయింది" అంటారు. అంతే, అంతకు మించి ఒక్క మాట ఉండదు. ఆ మాట పడితే గానీ ఒక్క జాడీ నిండదు. వాళ్ల కాపురంలో ఆవిడ నోట ఆయన విన్న మెప్పు అదొక్కటే గనక, దాని కోసం ఆయన ఏడాదంతా ఎదురు చూసేవారు.

నిరుడు కూడా అలాగే అంతా మేడెక్కారు. కాయలు కొట్టి పెట్టడానికి సరూర్‌నగర్ రైతుబజార్లో మనుషులు ఉన్నారు, క్షణంలో కొట్టి సంచిలో పోస్తారు. బాపిరాజు గారికి వాళ్ల మీద నమ్మకం లేదు. ముక్కకు టెంక సమంగా రాదని ఆయన బాధ. చెక్కకు బిగించిన పెద్ద కత్తిపీట సొంత ఊరి నుంచి తెచ్చుకున్నారు, కాయలన్నీ ఆయనే కొడతారు.

ఆ రోజు పక్కన మల్లికార్జునరావు గారు కూర్చున్నారు. రిటైరైన హెడ్మాస్టరు, అపార్టుమెంటు అసోసియేషన్ ప్రెసిడెంటు, ఆచారాల్లో గట్టి మనిషి. ఆయనకు టెంక గురించి చెప్పడం మొదలుపెట్టారు బాపిరాజు గారు. మాట్లాడేటప్పుడు ఆయన కుడిచెయ్యి ఊరుకోదు, ఏదో ఒకటి చూపించాల్సిందే. అందుకని కత్తి పిడి ఎడమచేతిలోకి మార్చారు. "ఇదిగో, దెబ్బ సరిగ్గా ఇక్కడ పడాలి" అని కుడిచేతి బొటనవేలు కాయ మీద ఆనించి చూపించారు. ఎడమచెయ్యి చెప్పిన మాట విన్నది. దెబ్బ సరిగ్గా అక్కడే పడింది.

మల్లికార్జునరావు గారు కళ్లు తిరిగి మామిడికాయల గోనె మీద పడిపోయారు. మిగతా వాళ్లు అరిచారు. కంగారు పడనిది ఒక్క హనుమాయమ్మ గారే. అదే కొంప ముంచింది. ఆవిడ చకచకా భర్త చేతికి తువ్వాలు చుట్టి బిగించి, వేలిని తీసి, చిన్న జాడీ ఒకటి అందుకుని, ఆటో పిలవమని వాచ్‌మన్ భార్య సైదమ్మకు కేక వేశారు.

ఆటో ఎల్బీనగర్ వైపు పరుగెడుతోంది. బాపిరాజు గారు నొప్పికి పళ్లు కొరుకుతూ అడిగారు.

"వేలు తెచ్చావా?"

"తెచ్చానండీ. కింద ఉప్పు వేశాను, పైన ఉప్పు వేశాను. పసుపు చల్లి, మునిగేటట్టు పప్పునూనె పోసి, గుడ్డ కట్టాను. ఏం పాడవదు."

బాపిరాజు గారి ప్రాణం కుదుటపడింది. అంత బాధలోనూ భార్య వంక మెచ్చుకోలుగా చూశారు. "ఎంత బుర్రే నీది!" అన్నారు. ఇంత కెమిస్ట్రీ చెప్పిన మనిషికి ఆ క్షణాన అందులో ఏ తప్పూ కనబడలేదు.

ఆస్పత్రిలో ప్లాస్టిక్ సర్జన్ పేరు సాధన. ముఖాలకు మెరుగు పెట్టే డాక్టరమ్మ తెగిన వేలికి ఎందుకని బాపిరాజు గారికి అనుమానం వచ్చింది గానీ, తెగినవి అతికించడం, పోయిన చోట వేరేవి తెచ్చి పెట్టడం కూడా వాళ్ల పనేనట. ఆవిడ జాడీ మీది గుడ్డ విప్పి లోపలికి చూసింది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇదేందమ్మా?"

"వేలమ్మా."

"వేలా! మీరు దీన్ని ఊరవెట్టిండ్రా?"

హనుమాయమ్మ గారు గర్వంగానే తల ఊపారు. డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. వేలిని శుభ్రంగా కడిగించి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసి వచ్చింది.

"తడి బట్టల చుట్టి, కవర్ల వేసి, ఆ కవరును ఐసుల వెట్టుకొని వస్తే ఇవాళనే అతికిస్తుంటి. ఎంత సాఫుగ తెగింది! గిట్ల తెగిన వేలు దొరకుడే కష్టం మాకు. ఇప్పుడు లాభం లేదమ్మా. ఉప్పు లోపలున్న నీళ్లన్ని గుంజేసింది. కణాలన్ని సచ్చిపోయినయి."

"ద్రవాభిసరణం" అన్నారు బాపిరాజు గారు నీరసంగా. వెంటనే, "నేనే చెప్పానండీ డాక్టరు గారూ, ఆవిడ తప్పేం లేదు. నేనే ఏటా మైకు లేకుండా అరిచి చెప్పాను" అన్నారు.

ఆ మాట హనుమాయమ్మ గారి చెవికి ఎక్కలేదు. ఆవిడ ఆ జాడీ వంకే చూస్తూ నిలబడిపోయారు. ఏడవలేదు, క్షమించమనలేదు. అయితే ఆ రోజు నుంచీ ఆ ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిపోయింది. పప్పులో లేదు, చారులో లేదు, ఆఖరికి ఉప్మాలో కూడా లేదు. ఉప్పు డబ్బా దగ్గరికి వెళ్లిన చెయ్యి సగం దారిలో ఆగిపోయేది. బాపిరాజు గారు ఆ చప్పిడి తిండి "బాగుంది, బాగుంది" అంటూ తినేవారు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఉప్పు అందుకుని వేసుకుంటే ఆవిడను ఎత్తిపొడిచినట్టు ఉంటుందని ఆయన భయం.

బొటనవేలు లేకపోతే చేతికి ఎంత చిన్నతనమో ఆయనకు అప్పుడు తెలిసింది. చొక్కా గుండీ పెట్టుకోలేరు. బోర్డు మీద మార్కరు నిలవదు. ముద్ద కలిపితే నోటి దాకా రాదు. చిటికెడు ఉప్పు తీద్దామన్నా చిటికె ఏది? గాయం మానాక డాక్టర్ సాధన ఒక ఉపాయం చెప్పింది.

"కాలి వేలు ఒకటి తీసి చేతికి వెడదాం అంకుల్. బొటనవేలు పక్కది, రెండోది. అది పోతే నడకకు పెద్ద ఫరక్ పడదు. చేతికి మాత్రం పట్టు వస్తది."

బాపిరాజు గారు తన పాదం వంక చూసుకున్నారు. ఇన్నాళ్లూ చెప్పులో పడి ఉన్న వేలికి ఇంత పదోన్నతి రాసిపెట్టి ఉందని ఆయనకేం తెలుసు? వెంటనే ఒప్పుకున్నారు. మళ్లీ ఆవకాయ కలపాలి, ముద్ద పెట్టాలి, "ఉప్పు సరిపోయింది" అని ఆవిడ నోట అనిపించాలి. ఆ ఒక్క మాట వస్తే ఇల్లు మళ్లీ మామూలవుతుందని ఆయన లెక్క.

విషయం తెలిసి మల్లికార్జునరావు గారు పళ్లు పట్టుకుని పరామర్శకు వచ్చారు. "చేతికి కాలేమిటండీ? బతికినన్నాళ్లు అన్నం తినాలి కదా దాంతో! నా మాట విని ప్లాస్టిక్ వేలు పెట్టించుకోండి. ప్లాస్టిక్ సర్జరీ అన్నాక ప్లాస్టిక్ ఉండదా?" అన్నారు. ఉండదని బాపిరాజు గారు చాలాసేపు వివరించారు. ఆయన నమ్మలేదు.

వానాకాలంలో ఆపరేషన్ అయింది. ఎముకకు ఎముక, నరానికి నరం, రక్తనాళానికి రక్తనాళం కలిపి, తలవెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టారు. తర్వాత ఆయన్ని వెచ్చటి గదిలో పెట్టారు. చల్లగాలి తగిలితే నాళాలు ముడుచుకుంటాయట, అందుకని ఏసీ లేదు, ఫ్యాను లేదు. ఆ కారణానికే కాఫీ కూడా లేదు. వేలు పోయినందుకు కూడా బాపిరాజు గారు అంత దిగులు పడలేదు.

మర్నాటికి కొత్త వేలు నీలంగా మారింది. లోపలికి వచ్చిన రక్తం బయటికి పోయే దారి చాలడం లేదని డాక్టరమ్మ ఒక సీసా పట్టుకొచ్చింది. అందులో జలగలు.

"అంత మైక్రోస్కోపు పెట్టి కుట్టి, చివరికి జలగలా డాక్టరు గారూ!"

"గీ పనికి దీన్ని మించిన మిషన్ రాలేదు అంకుల్. నిండిన రక్తం గుంజేస్తది. ఆలోపల కొత్త నాళాలు దారి చేసుకుంటయి. కాకపోతే ఇది ఒక్క కాడ ఉండదు, పక్కకు పోయి ఇంకోచోట పట్టుకుంటది. ఎవరన్న చూస్తుండాలె."

బల్లిని చూస్తే మంచమెక్కే హనుమాయమ్మ గారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. దూది ముక్క ఒకటి చేత్తో పట్టుకుని, జలగ అటూ ఇటూ కదిలితే దారికి తెచ్చారు. ఉప్పు వేస్తే జలగ వదిలేస్తుందని లోకమంతటికీ తెలుసు. ఆ గదిలోకి ఉప్పు రాకూడదని ఆవిడ పథ్యం ట్రేలోని ఉప్పు పొట్లం కూడా బయట పారేసి వచ్చారు. "తాగు నాయనా, తాగు. కడుపునిండా తాగు" అని దాన్ని బుజ్జగించారు. తనతో ఆవిడ ఇంత మెత్తగా ఎప్పుడైనా మాట్లాడిందా అని బాపిరాజు గారు గుర్తు చేసుకోబోయి, మానేశారు.

వేలు నిలబడింది. ఇంటికి వచ్చాక అసలు కథ మొదలైంది. వేలు సన్నగా, చివర బొడిపెతో, చేతికి వచ్చిన చుట్టంలా మొహమాటంగా ఉండేది. మెల్లగా వంగడం నేర్చింది, మార్కరు పట్టింది. కానీ ఏం ముట్టుకున్నా తెలిసేది కాదు. పైగా ఆయన సొంత బుద్ధి ఆయన్ని కాల్చుకు తింది. చిన్నప్పటి నుంచీ పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే అలవాటు. ఇప్పుడు పేజీ తిప్పితే పుస్తకానికి తగిలింది కాలి వేలే కదా అనిపించి, ఠక్కున కళ్లకద్దుకునేవారు. అద్దుకున్నాక, కాలి వేలు కళ్లకు తగిలిందని గుర్తొచ్చేది. అప్పుడు దేనికి దండం పెట్టాలి? పెడదామన్నా ఏ చేత్తో? క్లాసులో ఆయన మధ్య మధ్య ఆగిపోయి చెయ్యి వంక చూసుకుంటుంటే, కెమిస్ట్రీలో అంత భక్తి ఏముందో పిల్లలకు అంతుబట్టేది కాదు.

హనుమంతుడి గుళ్లో తీర్థానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాపి తటపటాయించారు. "పంతులు గారూ, ఇందులో కాలి వేలుందండీ" అని నిజం చెప్పేశారు. పూజారి ఉద్ధరిణె ఎత్తి పట్టుకుని, "పట్టండి సార్, వెనక లైనుంది" అన్నాడు.

దేవుడితో తేలిపోయింది గానీ మనుషులతో తేలలేదు. డాక్టర్ సాధన దగ్గరికి వెళ్లినప్పుడు ఈ గోలంతా చెప్పుకున్నారు.

"దాంట్లకు పెరిగే నరం మీ చేతిది అంకుల్. నరం నిదానంగ పాకుకుంట పోయి గోరు దాంక చేరాలె. చేరినంక మీ మెదడుకు అది చేతి బొటనవేలే. మెదడుకు లేని పరేషాని మీకెందుకు? రోజూ కండ్లు మూసుకొని బియ్యం, పప్పు, రవ్వ, రాళ్లుప్పు ముట్టుకొని ఏది ఏందో చెప్పుండ్రి."

హనుమాయమ్మ గారు రోజూ గిన్నెల్లో బియ్యం తెచ్చేవారు, కందిపప్పు తెచ్చేవారు, రవ్వ తెచ్చేవారు. ఉప్పు మాత్రం ఎన్నడూ తేలేదు. ఆయన బియ్యాన్ని రవ్వ అనేవారు, రవ్వను గాలి అనేవారు. ఆవిడ ఆ వేలి వంక సూటిగా చూసేవారు కాదు. కాలి వేలని రోత పడుతోందేమోనని బాపిరాజు గారికి లోపల ఒక ముల్లు.

మళ్లీ మే నెల వచ్చింది. రైతుబజారంతా కాయల కుప్పలు. బాపిరాజు గారు తుండుగుడ్డ ఉతికించుకుని సిద్ధంగా ఉన్నారు. ఎవరూ రాలేదు. మెట్ల మీద ఎదురైతే మల్లికార్జునరావు గారే మొదలుపెట్టారు.

"ఈసారి మేం ఆవకాయ పెట్టడం లేదండీ. నాకు బీపీ అని డాక్టరు మానేయమన్నాడు."

కింది వాటా వాళ్లకూ బీపీయే. ఎదురింటి వాళ్లకు బీపీ. మొన్నే పెళ్లయి కాపురానికి వచ్చిన జంటకు, ఇద్దరికీ బీపీ. ఒక్క వారంలో అపార్టుమెంటు మొత్తానికి రక్తపోటు వచ్చింది. చెత్తబుట్టల్లో మామిడి జీడి మాత్రం దండిగా కనబడుతోంది.

బాపిరాజు గారు తుండుగుడ్డ మడిచి బీరువాలో పెట్టేశారు. "మనమూ మానేద్దాంలేవే" అన్నారు. చాలా బాధపడ్డారు పాపం.

హనుమాయమ్మ గారు సంచి తీసుకుని వెళ్లి, రైతుబజార్లోనే కాయలు కొట్టించుకుని వచ్చారు. మేడ మీద బేసిన్ పెట్టి, ముక్కలు తుడిచి, ఆవపిండి, కారం, నూనె అన్నీ అమర్చి, ఉప్పు తానే కొలిచి వేశారు. "రండి, కలపండి" అన్నారు. అది పిలుపు కాదు, ఆజ్ఞ.

బాపిరాజు గారు పీట మీద కూర్చున్నారు. అప్పుడే సైదమ్మ డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"నాకు బీపీ లేదు, షుగర్ లేదు సారూ. నా డబ్బా నింపుండ్రి."

ఆవఘాటుకు మల్లికార్జునరావు గారు కూడా వచ్చి మెట్ల గది దగ్గర నిలబడ్డారు. ఆయన వెనక మిగతా బీపీ వాళ్లు. "ఎంతైనా కాలు కాలే కదా" అని ఆయన గొణగడం అందరికీ వినబడింది.

"ముక్కలు తొక్కుతలేడు గద సారూ, కలుపుతుండు" అంది సైదమ్మ.

బాపిరాజు గారు చెయ్యి బేసిన్లో పెట్టారు. ఉపన్యాసం లేదు. మేడ మీద అంత నిశ్శబ్దంగా ఆవకాయ కలవడం అదే మొదలు. రెండు తిప్పులు తిప్పారు. ఉన్నట్టుండి ఆగిపోయారు. ముఖం అదోలా అయింది.

"ఏమైందండీ?"

"మండుతోంది."

"ఎక్కడ?"

"ఇదే! గోరు పక్కన! హనుమా, మండుతోందే!"

ఆవకాయ కలిపిన వాళ్లందరికీ ఆ మంట తెలుసు, తిట్టుకుంటారు కూడా. బాపిరాజు గారు మాత్రం చెయ్యి పైకెత్తి ఊపుతూ నవ్వుతున్నారు. కళ్ల వెంట నీళ్లు. "గుంటూరు కారం! బ్రహ్మాండంగా మండుతోంది! నరం వచ్చేసింది!" అని అరిచారు, గంతులొక్కటే తక్కువ.

హనుమాయమ్మ గారు ఒక్క అంగలో వచ్చి ఆ వేలిని రెండు చేతులా పట్టుకున్నారు. ఇంటికి వచ్చిన నాటి నుంచీ సూటిగా చూడని వేలిని దగ్గరగా పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదారు. "నెయ్యి రాయనా? చాలా మండుతోందా?" అంటూ ముఖం ఎత్తారు. ఆ ముఖంలో రోత లేదు. ఉన్నదేమిటో బాపిరాజు గారికి అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ ఆవిడ చూడలేకపోయింది కాలి వేలిని కాదు, ఆ రోజు తన చేత్తో జాడీలో పోసిన ఉప్పును.

"వద్దు, మండనీ" అన్నారాయన.

వేడి అన్నం వచ్చింది, నెయ్యి వచ్చింది. బేసిన్ తుడిచి మొదటి ముద్ద చేశారు. కొత్త వేలు ముద్దను చక్కగా నొక్కింది. ఆవిడ అరచెయ్యి చాపబోయి, ఆగి, నోరు తెరిచారు. అందరి ముందూ బాపిరాజు గారు ఆ వేలితోనే ముద్ద ఆవిడ నోట్లో పెట్టారు. హనుమాయమ్మ గారు నమిలారు. ఆకాశం వంక చూశారు.

"ఉప్పు చాల్లేదు" అన్నారు.

ఆవిడ లేచి, ఉప్పు డబ్బా మూత తీశారు. చెయ్యి సగం దారిలో ఆగలేదు. గుప్పిట నిండా తీసి బేసిన్లో పోశారు. ఇంకో గుప్పెడు పోశారు.

"కలపండి. నోరు మూసుకుని కలుపుతారేం? ఉప్పు గురించి ఏదో చెప్పేవారు కదా, చెప్పండి!"

బాపిరాజు గారు చెప్పడం మొదలుపెట్టారు. ఉప్పులో వేస్తే ఏవేవి పాడవుతాయో కూడా ఈసారి కలిపి చెప్పారు గనక ఉపన్యాసం ఇంకా పొడుగైంది. అది నడుస్తుండగానే మల్లికార్జునరావు గారు చిన్నగా దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు. "ఒక్క ముద్దకు బీపీ ఏం పెరగదులెండి" అన్నారు. ఆయన వెనక మిగతా వాళ్లూ లైను కట్టారు.

ఆ పూట చారులో ఉప్పు బాగా ఎక్కువైంది. బాపిరాజు గారు అడిగి మరీ రెండోసారి పోయించుకున్నారు.